ఆదివారం పెట్టిన సాంబారు బుధవారానికి పులిసిపోయింది

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 38. ఇల్లు నిజాంపేట వైపు, ఆఫీసు గచ్చిబౌలిలో. పొద్దున 8 గంటలకు గడప దాటితే మళ్లీ ఇంట్లో చెప్పులు విడిచేసరికి రాత్రి 7.30 అవుతుంది. బాబుకి 13 ఏళ్లు, పాపకి 9. మామగారు పోయాక, ఏడాది కిందట అత్తగారు గుంటూరు జిల్లాలోని ఊరు వదిలి వీళ్ల దగ్గరికి వచ్చేశారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. పొయ్యి దగ్గర పది నిమిషాలు నిలబడలేరు.

మూడు నెలల కిందట భర్తకు షుగర్ ఉందని తేలింది. బయటి తిండి మానేయమని, అన్నం తగ్గించి కూర, పప్పు పెంచమని డాక్టరు చెప్పారు. కానీ వారంలో నాలుగు రాత్రులు వీళ్ల ఇంటికి కూర వచ్చేది వీధి చివర కర్రీ పాయింట్ నుంచే. ఇంట్లో కుక్కర్‌లో అన్నం పెడతారు, రెండు కూర పొట్లాలు, ఒక సాంబారు పొట్లం తెచ్చుకుంటారు.

ఇలా కాదనుకుని ఒక ఆదివారం ఆమె పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా వంటింట్లోనే ఉండి సాంబారు, టమాటా పప్పు, శనగల కూర, బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు వారానికి సరిపడా వండి ఫ్రిజ్ నింపేశారు. సోమవారం, మంగళవారం బాగానే గడిచాయి. బుధవారం రాత్రి సాంబారు గిన్నె మూత తీస్తే పైన సన్నటి నురగ, పులిసిన వాసన. పారబోశారు. బెండకాయ వేపుడు మెత్తబడితే పిల్లలు కంచం అంచుకు నెట్టేశారు. అత్తగారు చూసి, "మా ఇంట్లో గొడ్లకి కూడా మూడు రోజుల కూడు పెట్టలేదమ్మా" అన్నారట. ఆ రాత్రి బాత్రూంలో పంపు తిప్పి ఏడ్చానని రాశారు.

"ముందే వండి పెట్టుకోవడమే తప్పా? వంటమనిషిని పెట్టుకోవాలా? ఉద్యోగం మానేస్తే తప్ప ఇంట్లోవాళ్లకు సరైన తిండి పెట్టలేనా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, ముందు ఆ సాంబారు సంగతి చూద్దాం. అది మీ చేతకానితనం వల్ల పాడవలేదు. మీ ఉత్తరం మూడో పేజీలో కారణం ఉంది. "11 గంటలకు దించాను, పూర్తిగా చల్లారాక సాయంత్రం ఫ్రిజ్‌లో పెట్టాను, రోజూ రాత్రి తీసి కాచి మిగిలింది మళ్లీ లోపల పెట్టాను" అని రాశారు. నాలుగు లీటర్ల గిన్నెలో సాంబారు పైన చల్లగా తగిలినా, మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. క్రిములు బాగా పెరిగేది సుమారు 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్యనే. మీరు గిన్నె దించిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా అది ఆ వేడిలోనే ఉంది. ఆ తర్వాత మూడు రాత్రులు అదే గిన్నెను కాచి, చల్లార్చి, లోపల పెట్టారు. అలా చేసిన ప్రతిసారీ దానికి మరో అవకాశం ఇచ్చినట్టే.

వండింది 2 గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. పెద్ద గిన్నె అంత త్వరగా చల్లారదు కాబట్టి బేసిన్‌లో చన్నీళ్లు పోసి, అందులో గిన్నె ఉంచి, గరిటెతో కలుపుతూ ఉండండి. వేడి దిగగానే ఒక పూటకు సరిపోయే లోతు తక్కువ డబ్బాల్లోకి తీసేయండి. ఏ పూటకు ఆ డబ్బానే బయటికి తీయాలి. తీసింది పొగలు వచ్చేదాకా కాచాలి, మిగిలితే మళ్లీ లోపల పెట్టకూడదు. ఇంత చేసినా వండిన కూర ఫ్రిజ్‌లో మూడు రోజులు, మహా అయితే నాలుగు. ఆదివారం వండింది శుక్రవారం తినాలనుకోవడం దగ్గరే మీ లెక్క తప్పింది.

ఇక అత్తగారి మాట. గొడ్ల ప్రస్తావన లేకుండా చెప్పి ఉండాల్సింది, అది మీకు తగిలిందంటే తగలదా మరి. కానీ ఆ మాట వెనక ఉన్నది చాదస్తం కాదు. ఆవిడ వంట నేర్చుకున్న రోజుల్లో ఇంట్లో ఫ్రిజ్ లేదు. మే నెలలో పొద్దున వండిన పప్పు సాయంత్రానికి పనికిరాదని ఆవిడకు కళ్లారా తెలుసు. ఏ పూటకు ఆ పూట వండటం ఆ ఎండల్లో పిల్లల్ని కాపాడుకునే పద్ధతి. అదే సమయంలో ఆవిడంత నిల్వ చేసినవాళ్లూ లేరు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కొత్త చింతపండు, గుమ్మడి వడియాలు, ఊరమిరపకాయలు, కందిపొడి, ఏడాదికి సరిపడా. వీటన్నిటికీ ఏదో ఒక కాపలా ఉంది. ఉప్పు, పులుపు, నూనె, ఎండ. నీళ్లలో ఉడికిన పప్పుకూ సాంబారుకూ ఆ కాపలా లేదు, అందుకే వాటిని ఆవిడ నిల్వ పెట్టలేదు. ఏది ఆగుతుంది, ఏది ఆగదు అన్న చదువు మీ ఇంట్లోనే, ముందుగదిలో కూర్చుని ఉంది. దీన్ని మళ్లీ చెబుతాను.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మొదటిది వంటమనిషి. మీ ఇంటికి పొద్దున 6 గంటలకు వచ్చి రెండు కూరలు చేసి వెళ్లే మనిషి దొరికితే మీకు పెద్ద ఊరట. ఖర్చు మాట అటుంచితే, నూనె ఎంత, ఉప్పు ఎంత అన్నది ఆమె చేతిలోకి వెళ్తుంది. షుగర్ ఉన్న ఇంట్లో అది మొదటి నెలంతా పక్కనుండి చెప్పుకోవాల్సిన విషయం. ఆమె రాని రోజు మళ్లీ కర్రీ పాయింటే. అత్తగారికి తన వంటింట్లో కొత్త మనిషి కనిపిస్తుంది, దానికి ఆవిడ ఏమంటారో మీకే తెలుసు. ఇవి సర్దుకోగలిగితే వంటమనిషిని పెట్టుకోవడంలో ఏ తప్పూ లేదు.

రెండోది ఇప్పుడున్నట్టే కర్రీ పాయింట్‌తో నెట్టుకురావడం. ఇక్కడ అందరూ నూనె గురించే మాట్లాడతారు, నాకు దానికంటే కూర పరిమాణం గురించి బెంగ. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు కావాలి, బియ్యం గోధుమలు మిల్లెట్లు అన్నీ కలిపి 250 గ్రాములు చాలు. ఇదంతా వండకముందు తూకం. మీ రెండు పొట్లాల కూర ఐదుగురికి పంచి చూడండి. ఒక్కొక్కరికి నాలుగు ముద్దలకు కూడా రాదు. మిగతా కడుపు నింపేది అన్నమే. మీవారి కంచంలో అన్నం తగ్గాలంటే ముందు కూర పెరగాలి, పొట్లం కూరతో అది కుదరదు. మీరు మార్చాల్సింది ఈ ఒక్కటే అనుకున్నా చాలు.

మూడోది మీరు ప్రయత్నించినట్టు అంతా ఒకేరోజు వండేయడం. ఫ్రీజర్ పెద్దదిగా ఉంటే ఇది కొంతవరకు సాగుతుంది. శనగలు, రాజ్మా కూరలు, గోంగూర ముద్ద, చికెన్ కూర ఫ్రీజర్‌లో బాగానే ఆగుతాయి. బంగాళాదుంప వేసిన కూర కరిగాక ముక్క చెదిరి నీళ్లు కారుతుంది, వేపుళ్లు మెత్తబడతాయి, పెరుగు వేసిన మజ్జిగ పులుసు విరిగిపోతుంది. కానీ నా అభ్యంతరం వేరే. ఆరు గంటలు నిలబడి మీకున్న ఒక్క సెలవూ పోగొట్టుకుంటారు. రెండు ఆదివారాలు చేస్తారు, మూడోదానికి ఓపిక చచ్చిపోతుంది.

నాలుగోది, నేను నా ఇంట్లో ఏళ్లుగా చేస్తున్నది, వంట కాకుండా వంటలో సగం పని ముందే చేసుకోవడం. కూరను ఏ పూటకు ఆ పూటే పొయ్యి మీద పెడతాం, కానీ పెట్టేసరికి తరిగినవి, నానినవి, ఉడికినవి సిద్ధంగా ఉంటాయి. రాత్రి 7.30కి ఇంటికొచ్చిన మనిషిని వంట కన్నా ఎక్కువగా భయపెట్టేది ఉల్లిపాయ ఒలవడం, చింతపండు నానబెట్టడం, ఏం వండాలా అని తలుపు తీసి ఫ్రిజ్ ముందు నిలబడటం. ఆ భాగం తీసేస్తే కూరకు 20 నిమిషాలు చాలు.

అందులో నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఉల్లి టమాటా ముద్ద. కిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, వెడల్పాటి మూకుడులో నాలుగైదు చెంచాల నూనెలో తేనె రంగు వచ్చేదాకా వేయించండి. తొందరపడితే పచ్చివాసన ఉండిపోతుంది, పావుగంట పైనే పడుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కొంచెం ఉప్పు వేసి, కిలో టమాటాలు కోసి వేసి, నీరంతా ఇగిరి అంచుల వెంట నూనె కనిపించేదాకా మగ్గనివ్వండి. గరిటెతో గీత గీస్తే ఆ గీత పూడకుండా నిలవాలి, అప్పుడు దించండి. ఐదు చిన్న డబ్బాల్లో సర్ది, మూడు ఫ్రిజ్‌లో, రెండు ఫ్రీజర్‌లో పెట్టండి. కారం మాత్రం ఇప్పుడే వేయకండి, ఏ కూరకు ఎంత కావాలో అప్పుడు వేసుకోవచ్చు. సోమవారం ఇందులో ఉడికిన శనగలు, మంగళవారం సొరకాయ ముక్కలు, బుధవారం ఉడికించిన కోడిగుడ్లు, కొంచెం చింతపండు గుజ్జు వేస్తే పులుసు. మూడు రోజులూ మూడు రుచులు. ముద్ద ఒకటేనని పిల్లలు కనిపెట్టలేరు.

చింతపండును ఒకేసారి వేడినీళ్లలో నానబెట్టి, చిక్కగా పిసికి, ఉప్పు పసుపు వేసి దగ్గరపడేదాకా ఉడికించి గాజుసీసాలో పెట్టుకుంటే వారం నిశ్చింత. పొడి చెంచానే వాడాలి. శనగలు, అలసందలు శనివారం రాత్రి నానబెట్టి ఆదివారం కుక్కర్‌లో ఉడికించండి. రెండు పూటల వాటా ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో. కందిపప్పు ఉట్టిగా మెత్తగా ఉడికించి ఉంచితే ఒక రోజు పాలకూర, ఒక రోజు దోసకాయ వేసి తాలింపు పెట్టుకోవచ్చు. కానీ మూడు రోజులకే ఉడికించండి, బుధవారం రాత్రి అన్నంతో పాటే కుక్కర్‌లో ఇంకో విడత పెట్టేయండి.

కూరగాయల దగ్గర కొంచెం జాగ్రత్త. బెండకాయ కడిగి, గుడ్డతో తుడిచి, గంటసేపు ఫ్యాను కింద ఆరాకే కోయాలి. తడి ఉంటే జిగురే. మీ వేపుడు పిల్లలకు నచ్చకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. దొండకాయ, బీన్స్, క్యారెట్, క్యాబేజీ కోసి మూడు రోజులు ధైర్యంగా ఉంచుకోవచ్చు. వంకాయ, అరటికాయ, ఆలుగడ్డ కోసిన గంటకే నల్లబడతాయి, వాటిని ముట్టుకోకండి. ఆకుకూర వలిచి, కడగకుండా, పొడి నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. వండే ముందు కడుక్కోవాలి. న్యూస్‌పేపర్‌లో చుట్టే అలవాటు ఉంటే మానేయండి, అచ్చు సిరా తిండికి అంటడం మంచిది కాదు.

అన్నం మాత్రం ఏ రోజుకారోజు వండుకోవడమే నా సలహా. బియ్యంలో ఉండే ఒక రకం క్రిమి ఉడికించినా బతికి, అన్నం బయట వెచ్చగా ఉన్నప్పుడు విషం తయారుచేస్తుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. మిగిలిన అన్నం గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా వాడేయాలి. కుక్కర్ అన్నం ఎటూ మనం బట్టలు మార్చుకునేలోపు అయిపోతుంది, దానికోసం ఇంత ప్రమాదం ఎందుకు?

టిఫిన్ల సంగతి. ఒక గ్లాసు మినప్పప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ మీకు తెలిసిన లెక్కే. అందులో ఒక గ్లాసు తీసేసి జొన్న రవ్వ వేయండి. పులిశాక మొదటి రెండు రోజులు ఇడ్లీ, మూడో రోజు పుల్లబడిన పిండితో ఉల్లిపాయ, క్యారెట్ తురుము వేసి ఊతప్పం. మిగతా రోజులకు పెసరట్టు. పెసలు రాత్రి నానబెడితే చాలు, పులియాల్సిన పని లేదు, మీవారికి ఇడ్లీ కంటే ఇదే మేలు. అల్లం పచ్చడి మాత్రం బెల్లం లేకుండా.

ఆయన షుగర్‌కు మందులు వాడుతుంటే అన్నం ఒక్కసారిగా సగానికి తగ్గించేయకండి. ఆ మాట డాక్టరుకు చెప్పి తగ్గించండి. తిండి తగ్గి మందు అంతే ఉంటే కొందరికి షుగర్ మరీ పడిపోతుంది. అలాగే నిల్వ పచ్చళ్ల విషయంలో ఉప్పు గుర్తుంచుకోవాలి. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. రెండు పూటలా ఆవకాయ వేసుకుంటే అక్కడికే చాలావరకు అయిపోతుంది.

ఇదంతా చదివి "మళ్లీ నా ఆదివారమే కదా పోయేది" అని మీరు అనుకుంటారని నాకు తెలుసు. ఐదు పేజీల్లో మీవారు ఏం పని చేస్తారో ఒక్క వాక్యం లేదు. "ఆయనకు వంట రాదు" అని మాత్రం ఉంది. నానబెట్టడం, తరగడం, డబ్బాలు సర్దడం వంట కాదు, ఎవరికైనా వస్తుంది. పైగా షుగర్ ఆయనది. తన కంచంలోకి ఏది ఎంత వస్తుందో తెలియని మనిషి దాన్ని అదుపులో పెట్టుకోలేరు. ఆయనతో తగాదా పెట్టుకోమనడం లేదు. శనివారం సాయంత్రం రైతుబజారుకు వెళ్లడం, తెచ్చినవి కడిగి ఆరబెట్టడం ఆయన వంతు అని చెప్పండి. మొదట్లో ముదిరిన బెండకాయలు తెస్తారు. తిట్టకండి, చివర విరిచి చూడటం నేర్పండి. చిటుక్కున విరగాలి, వంగితే ముదిరినట్టు. బాబు 13 ఏళ్ల వాడు, డబ్బాల మీద తేదీ రాసి అంటించడం, రోజూ పాతది ముందు తీయడం వాడి చేతికి ఇవ్వండి.

అత్తగారి దగ్గర మాత్రం నిదానంగా వెళ్లాలి. ఏడాది కిందట ఆవిడ భర్తను పోగొట్టుకున్నారు, ఊరిని వదిలారు, తన వంటింటిని వదిలారు. ఇక్కడ మోకాళ్ల వల్ల మీ వంటింట్లోనూ నిలబడలేకపోతున్నారు. ఇప్పుడు మీ ప్లాస్టిక్ డబ్బాలు చూస్తే ఆవిడకు తన చేతికి పని లేదనిపించి ఉండవచ్చు. ఆ బుధవారం మాటలో సగం ఆ బాధే ఉందని నా అనుమానం. తప్పయితే మన్నించండి, మీరు దగ్గరుండి చూస్తున్నారు. ఆవిడకు ఓపిక ఉంటే, ఇష్టమైతేనే, కుర్చీలో కూర్చుని చేసే పనులు బోలెడు. ఆకుకూర వలవడం, చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం. పనిమనిషిలా అప్పగించకుండా, సలహా అడిగినట్టు అడగండి. "అత్తయ్యా, గోంగూర పది రోజులు పాడవకుండా ఎలా మగ్గబెట్టేవారు?" అని అడిగి చూడండి. నూనె ఎంత, తడి లేకుండా ఆకు ఎంతసేపు ఆరాలి, ఎప్పుడు దించాలి, ఇవి నాకంటే ఆవిడకే బాగా తెలుసు. ఆ ముద్ద సిద్ధంగా ఉంటే ఒక రోజు పప్పులోకి, ఒక రోజు చికెన్‌లోకి. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి ఆవిడ చెప్తుంటే మీరు వేయించండి. అవిసెగింజల పొడి మాత్రం కొద్దికొద్దిగానే కొట్టుకోండి, త్వరగా కనరు వాసన వస్తుంది. అప్పుడు ఫ్రిజ్‌లో ఉన్నవి "మూడు రోజుల కూడు" కాకుండా తన చేతి సరుకు అవుతాయి.

ఉద్యోగం మానేయాలా అన్నారు. తిండి కోసమే అయితే వద్దు. మీరు చెప్పిన ఇబ్బంది వారానికి ఐదారు గంటల పనిది, దాన్ని నలుగురు పంచుకోవచ్చు. వేరే కారణాలు ఉంటే అది ఇంకో ఉత్తరం.

ఇవన్నీ ఈ ఆదివారమే మొదలుపెట్టకండి. ఉల్లి టమాటా ముద్ద, నానిన శనగలు, తరిగిన దొండకాయ, ఈ మూడే చేయండి. గంటన్నర దాటితే ఆపేయండి. మిగతావి వారానికొకటి కలుపుకుంటూ పోవచ్చు. ఎండాకాలం కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే 4 గంటల దాకా లోపలివి పాడవవు. అంతకు మించితే పప్పు, కూర ఏదైనా సందేహం లేకుండా పారేయండి, రుచి చూసి తేల్చుకోవద్దు.

గురువారానికి మీ డబ్బాలు ఖాళీ అవుతాయి, ఒంట్లో ఓపికా అయిపోతుంది. ఆ రాత్రి కర్రీ పాయింట్ దగ్గర ఆగండి. వేపుడు వద్దు, ఏదైనా ఆకుకూర పప్పు ఒకటి తెచ్చుకోండి. ఇంట్లో తరిగి పెట్టిన క్యారెట్, దోసకాయ ముక్కల మీద నిమ్మరసం పిండి పక్కన పెట్టండి. ఆ పొట్లం విప్పుతున్నప్పుడు ఎవరైనా ఏదైనా అంటే, గురువారం మాకు ఇంతేనని చెప్పి కూర్చుని తినండి.